పేరున్నవాళ్ల బంతి

1995 మే 4, గురువారం. ఉదయం పదకొండు గంటలకు జమ్మలమడుగు మేజిస్ట్రేటు కోర్టులో దేవరాజు అనే జీపు డ్రైవరు ఒక హత్య కేసులో లొంగిపోయాడు. ఆ కేసులో అతని పేరు లేదు. పోలీసులు అతన్ని వెతకడం లేదు. చనిపోయినవాని తరఫువాళ్లూ వెతకడం లేదు.

హత్య అంతకు నెల ముందు జరిగింది. నల్లబండపల్లెలో రెండు వర్గాలు. ఒకదానికి కొండారెడ్డి పెద్ద, ఇంకొకదానికి ఎర్రంరెడ్డి. మండలాధ్యక్ష పదవికి ఇద్దరూ చెరొక పార్టీ నుంచి మనుషుల్ని నిలబెట్టారు. ఎర్రంరెడ్డి మనిషి గెలిచాడు. గెలిచిన పది పదిహేను రోజులకు ఎర్రంరెడ్డి తమ్ముడు లింగారెడ్డి మోటారు సైకిలు మీద ప్రొద్దుటూరుకు పోతుంటే రోడ్డుకు అడ్డంగా జీపు వచ్చి నిలబడింది. జీపులోనుంచి ఐదుగురు దిగారు. డ్రైవరు దిగలేదు. ఇంజను ఆపకుండా కూర్చోమని కొండారెడ్డి చెప్పి పంపాడు. దేవరాజు కూర్చున్నాడు. పక్క అద్దంలో చూశాడు. మొదటి వేటు చెవి కింద పడింది. తర్వాత అతను అద్దంలో చూడలేదు.

మోటారు సైకిలు వెనక కూర్చున్న జీతగాడు కంపచెట్లలో పడి పారిపోయి ఊరికి చేరాడు. సాయంత్రానికి ఎర్రంరెడ్డి ఇంటి పడసాలలో ఫిర్యాదు తయారైంది. ఆ పక్క ఊళ్లలో ఫిర్యాదు ఎట్లా రాస్తారో అందరికీ తెలుసు. నరికినవాళ్లు ఎవరన్నది తర్వాతి మాట. ముందు ఎదుటి వర్గం నాయకుని పేరు, ఆ తర్వాత అతని అన్నదమ్ములు, బావమరుదులు, ఆ తర్వాత ఊళ్లో అతని మాట నిలబెట్టేవాళ్లు. పదహారు పేర్లు రాశారు. జీపు దిగిన ఐదుగురిలో ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి. మిగిలిన పదమూడు మంది ఆ ఉదయం వేరే చోట్ల ఉన్నారు. జీపు నంబరు కూడా రాశారు. జీపు నడిపినవాని పేరు రాయలేదు.

పేర్లున్నవాళ్లలో తను పోగా మిగిలిన పదిహేను మందినీ కొండారెడ్డి సింహాద్రిపురం దగ్గర తన వియ్యంకుని చీనీతోటలో, బత్తాయి చెట్ల మధ్య దాచాడు. తనూ అక్కడే ఉన్నాడు. ప్రొద్దుటూరు లాయరు ప్రభాకరరావు ఎప్పుడు లొంగిపొమ్మంటే అప్పుడు లొంగిపోవాలి. అంతవరకూ బియ్యం, మాంసం, బీడీ కట్టలు, కబుర్లు తెచ్చే పని దేవరాజుది. పేరు లేనివాడు కాబట్టి రోడ్డు మీద తిరగగలడు.

తోటలో బంతి భోజనాలు. మొదటి బంతిలో కొండారెడ్డి, ఆయన పక్కన ఫిర్యాదులో ఏ వరసలో పేర్లున్నాయో ఆ వరసలో మిగిలినవాళ్లు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు నవ్వులాటకు కూర్చున్నారు, రెండో రోజు నుంచి అదే వరస అయింది. వంటవాడు, తోట కాపలావాడు, దేవరాజు రెండో బంతి.

నాలుగో ఆకు బాషాది. ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. నోరు ఊరుకోదు.

"ఏ-4 అప్పా నేను," అన్నాడు బోటీ కూర కలుపుకుంటూ. "ఆ పొద్దు కడపలో మా చెల్లెలి నిఖాలో బిర్యానీ వడ్డిస్తాండా. నాలుగొందల మంది చూసినారు. అయినా ఏ-4. ఎర్రంరెడ్డికి నా మీద ఎంత గౌరవముందో సూడు."

"నీ కంటే నాకేం తక్కువరా? నన్ను పదకొండులో ఏసినాడు," అన్నాడు ఇంకొకడు. అతను నిజంగానే కోపంగా ఉన్నాడు. జీపు దిగిన ఐదుగురిలో అతను ఒకడు.

"నువ్వు నరికినావు గాబట్టి పదకొండు. నరకనోళ్లు పైన."

బంతి మొత్తం నవ్వింది. కొండారెడ్డి కూడా నవ్వాడు. బాషా దేవరాజు వైపు తిరిగాడు.

"దేవా, నీ నంబరెంత?"

దేవరాజు నీళ్ల చెంబు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"వాని నంబరు జీపు ముందర రాసుండ్లా," అన్నాడు పదకొండోవాడు.

ఈసారి నవ్వు ఇంకా ఎక్కువసేపు సాగింది. దేవరాజూ నవ్వాడు. చెంబు వంచి అందరి లోటాల్లో నీళ్లు పోశాడు.

చేయి కడుక్కునేటప్పుడు బాషా మెల్లగా చెప్పాడు. "నీకు తెల్దు గానీ దేవా, నీ పేరు అనుకున్నారంట. ఫిర్యాదు రాసినోడు మా వీధోడే. ఆ జీతగాడు చెప్పినాడంట, డ్రైవరు దాసయ్య పంతులు కొడుకని. ఎర్రంరెడ్డే వద్దన్యాడంట."

"ఎందుకు?"

"మిషను కాంపౌండు పిల్లోని పేరు రాస్తే మా తమ్ముడు ఎవురి చేతిలో సచ్చినట్టు, అన్యాడంట." బాషా భుజం తట్టాడు. "పోనీలేప్పా. బతికిపోయినావు."

దేవరాజు అంతకుముందు నాలుగేళ్లు ప్రొద్దుటూరులో బదరీనారాయణ బట్టల కొట్టు వ్యాను నడిపాడు. కొట్టు తాళాలు రాత్రి అతని దగ్గరే ఉండేవి. నల్లబండపల్లె నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు అతన్ని చూసి, మూటలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు. కొండారెడ్డి జీపు తోలడం మొదలుపెట్టాక అదే ఊరివాళ్లు టీ అంగట్లో లేచి బెంచీ ఖాళీ చేశారు. టీ అంగడివాడు దుడ్లు తీసుకోలేదు. మొదటిసారి దేవరాజు గ్లాసు కింద డబ్బులు పెట్టి వచ్చాడు. రెండోసారి పెట్టలేదు.

ఆ ఆదివారం జమ్మలమడుగులో అతని తల్లి సారమ్మ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకుంది. సారమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. భర్త దాసయ్య మిషను బడిలో పంతులుగా చేసి, చర్చి గుడిలో పెద్దగా ఉండి చనిపోయాడు. ఇరవై ఏళ్లు ఆదివారం వాక్యం చదివింది ఆయనే. జబ్బు నయమైనా, పరీక్ష పాసైనా, ఉద్యోగం వచ్చినా ఆ కాంపౌండులో పాస్టరును పిలిచి ప్రార్థన చేయించి, వీధిలో అందరికీ టీ, బొరుగులు ఇస్తారు. దేనికి ప్రార్థన పెట్టుకున్నారో ఇంటివాళ్లు లేచి చెప్పాలి. చెప్పకపోతే అది కృతజ్ఞత కాదు.

సారమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"పదహారు మంది పేర్లు రాసినారు. నా కొడుకు ఆ ఇంట్లోనే పని చేస్తాండాడు. అయినా వాని పేరు రాలేదు. మా మామ కాలం నుంచి మా ఇంట్లో స్టేషను మెట్టు ఎక్కినోళ్లు లేరు. ఆ మర్యాద దేవుడు కాపాడినాడు."

ఆడవాళ్లు ఆమేన్ అన్నారు. పాస్టరు దేవరాజు తల మీద చేయి పెట్టి ప్రార్థించాడు. దేవరాజు మోకాళ్ల మీద ఉన్నాడు. ఆ ఉదయం జీపు ఎవరు తోలారని తల్లి అతన్ని అడగలేదు. అతనూ చెప్పలేదు.

అందరూ వెళ్లాక సారమ్మ గ్లాసులు కడుగుతూ అంది. "బదరీనారాయణ సావుకారు మనిషిని పంపినాడు. మళ్లా పనిలోకి రమ్మంటాండాడు. పోతావా నాయనా?"

"సూస్తాలే మా."

"ఏం సూస్తావు? ఆ జీపు ఇడ్సిపెట్టు."

"మా, నువ్వు అందరి ముందరా ఆ మాటెందుకు చెప్పినావు?"

"ఏ మాట?"

"నా పేరు రాలేదని."

సారమ్మ గ్లాసు బోర్లించి అతని వైపు చూసింది. "అదేమన్నా దాసిపెట్టే మాటనా? నేను ఆసుపత్రి అంతా చెప్పినా."

ఆ మాట ఆసుపత్రి నుంచి నల్లబండపల్లెకు, అక్కణ్నుంచి చీనీతోటకు చేరింది. మరుసటి రోజు దేవరాజు క్యారియర్లు దింపుతుంటే బాషా రెండు చేతులూ పైకెత్తి, "దేవుడు కాపాడినాడు, దేవుడు కాపాడినాడు," అన్నాడు. బంతిలో అన్నం తింటున్న పదిహేను మందీ ఆమేన్ అన్నారు.

మే 3న దేవరాజు ప్రొద్దుటూరు వెళ్లాడు. బదరీనారాయణ గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. దేవరాజును చూసి పక్కనున్న పరుపు మీద చేయి వేసి కూర్చోమన్నాడు.

"మా వీధిలో నలుగురు పెద్దోళ్లను అడిగినా," అన్నాడు. "వాన్ని మళ్లా పెట్టుకోవచ్చునా అని. వాని పేరు యాడన్నా ఉందా అని అడిగినారు. లేదన్యా. లేకుంటే పెట్టుకో అన్యారు. మాకు అదే సర్టిఫికెట్టు దేవరాజూ. పోలీసోడు మా అంగడి గడప తొక్కితే మాతో వియ్యమందేటోడు కూడా ఉండడు."

"ఔ సావుకారూ."

"జీతం పెంచుతా. తాళాలు నీకే ఇస్తా. రేపు పొద్దున వచ్చెయ్."

దేవరాజు తల ఊపాడు. వస్తానని అతను ఆ నిమిషంలో అనుకున్నాడు. తర్వాత ప్రభాకరరావు అడిగినప్పుడు కూడా అదే చెప్పాడు. తాళాలు తీసుకుందామని చేయి చాపాను సార్ అన్నాడు.

అప్పుడు కొట్టు ముందు అంబాసిడర్ కారు ఆగింది. ఎర్రంరెడ్డి ఇద్దరు మనుషులతో దిగాడు. తమ్ముని నెల మాసికానికి పంచెలు, చీరెలు కావాలి. బదరీనారాయణ లేచి నిలబడ్డాడు. దేవరాజు పరుపు మీదినుంచి లేచి బీరువాల వైపు జరిగాడు. పారిపోవడానికి వెనక వైపు తలుపు ఉంది. అతను నాలుగేళ్లు ఆ తలుపు తీసి మూసినవాడు.

ఎర్రంరెడ్డి బట్టలు ఏరుకున్నాడు. బేరం ఆడలేదు. లేచేటప్పుడు బీరువాల వైపు చూశాడు.

"నువ్వు దాసయ్య పంతులు కొడుకువి గదా."

"ఔ సామీ."

"మీ నాయన నాకు ఎక్కాలు నేర్పించినాడు. మంచి మనిషి." ఎర్రంరెడ్డి చెప్పులు వేసుకున్నాడు. "ఆ పొద్దు జీపు తోలింది నువ్వే."

దేవరాజు బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎర్రంరెడ్డితో వచ్చిన ఇద్దరూ కదలలేదు.

"ఏంది అట్లా బిగుసుకుపోయినావు? భయపడాకు. బండి మీద, ఎద్దు మీద ఎవురన్నా కేసు పెడ్తారా? కడుపు కోసం తోలినావు. నీతో మాకేం పని?" వాకిలి దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ మూట కార్లో పెట్టు."

దేవరాజు మూట ఎత్తుకున్నాడు. మెట్లు దిగి కారు డిక్కీలో పెట్టాడు. డిక్కీ మూసి పక్కకు జరిగాడు. ఎర్రంరెడ్డి కారు అద్దంలోనుంచి ఐదు రూపాయల నోటు అతని చేతిలో పెట్టి, "టీ తాగు పో," అన్నాడు. కారు వెళ్లింది.

బదరీనారాయణ గుండె మీద చేయి పెట్టుకున్నాడు. "శానా పెద్ద మనసు," అన్నాడు. "సూసినావా? నిన్ను వదిలిపెట్టినాడు. ఇంక నీకు ఎవురితోనూ భయం లేదు." తాళాల గుత్తి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

దేవరాజు గుత్తి తీసుకోలేదు. పొద్దున వస్తానని చెప్పి వెళ్లాడు. పొద్దున జమ్మలమడుగు కోర్టుకు వెళ్లాడు.

ప్రభాకరరావు వేరే కేసు పని మీద ఆ రోజు అక్కడే ఉన్నాడు. సంగతి విని దేవరాజును వరండాలోకి లాక్కెళ్లాడు.

"నీకు పిచ్చి పట్టిందేమయ్యా? నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవురూ రమ్మనలేదు సార్."

"కొండారెడ్డికి తెలుసా?"

"తెల్దు."

"సరే, లొంగిపోతే పోయావు. మేజిస్ట్రేటు ముందు మాత్రం నోరు తెరవొద్దు. పోలీసుల దగ్గర వంద చెప్పు, చెల్లదు. మేజిస్ట్రేటు రాసుకుంటే అది చెల్లుతుంది. దాన్ని నేను తుడిపెయ్యలేను, కొండారెడ్డి తుడిపెయ్యలేడు."

"అందుకే ఆయప్ప ముందర చెప్తా సార్."

మేజిస్ట్రేటు కూడా తొందరపడలేదు. చెప్పాల్సిన అవసరం లేదని, చెబితే నీ మీదికే వస్తుందని చెప్పి, ఆలోచించుకోమని సబ్‌జైలుకు పంపాడు. మరుసటి రోజు మళ్లీ అడిగాడు. దేవరాజు చెప్పాడు. జీపు దిగానని, వేటకొడవలితో మొదటి వేటు తనే వేశానని, అది లింగారెడ్డికి చెవి కింద తగిలిందని చెప్పాడు. తనతో ఎవరున్నారో చూడలేదన్నాడు. జీపు ఎవరు నడిపారని అడిగితే తెలియదన్నాడు. అంతా రాసి, చదివి వినిపించారు. సంతకం చేశాడు. దాసయ్య పంతులు కొడుకు దస్తూరీ బాగుంటుంది.

వారానికి మిగిలిన పదహారు మందీ లొంగిపోయారు. సబ్‌జైలుకు క్యారియర్లు బయటినుంచి వచ్చాయి. ఆకులు వేసేటప్పుడు దేవరాజు గోడ పక్కన నిలబడ్డాడు.

"యాడికి పోతాండావురా?" అన్నాడు కొండారెడ్డి. "ఈడికి రా. నా పక్కన కూర్చో."

"జరగండప్పా, ఏ-17 వచ్చినాడు," అన్నాడు బాషా. ఈసారి ఎవరూ నవ్వలేదు. పదకొండోవానితో సహా బంతి మొత్తం జరిగి చోటిచ్చింది.

మూడు నెలలకు బెయిలు వచ్చింది. కొండారెడ్డి జీపుకు వేరే డ్రైవరును పెట్టాడు. దేవరాజు ఇప్పుడు జీపులో వెనక సీట్లో కూర్చునేవాడు. పెళ్లిళ్లలో మొదటి బంతిలో అతనికి ఆకు వేసేవాళ్లు. బదరీనారాయణ ఇంకొకరికి తాళాలు ఇచ్చాడు. ప్రొద్దుటూరులో ఎదురుపడితే రోడ్డు అవతలికి దాటేవాడు. గుడిలో సారమ్మ ముందు వరస నుంచి లేచి వెనక తలుపు దగ్గరకు మారింది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

ఒకసారి దేవరాజు తల్లిని అడిగాడు, అంత వెనక ఎందుకు కూర్చుంటున్నావని.

"ఈడ గాలి బాగా వస్తాది," అంది.

నాలుగేళ్లు గడిచాయి. 1999 ఎన్నికలకు ముందు కొండారెడ్డికి తన పార్టీలో టికెట్టు రాలేదు. ఎర్రంరెడ్డి పార్టీలో చేరాడు. చేర్చుకోవడానికి ఆ పార్టీ పెద్దలు పెట్టిన షరతు ఒకటే, కేసులు రాజీ చేసుకోవాలి. పులివెందుల దారిలో ఒక తోటలో రెండు వర్గాలూ కూర్చున్నాయి. ఎర్రంరెడ్డి తరఫు సాక్షులు ఎవరినీ చూడలేదని చెప్పేటట్లు, కొండారెడ్డి తన వైపు కేసుల్లో అదే చేసేటట్లు మాట అయింది. ఫిర్యాదులో ఉన్న పదహారు పేర్లూ ఒక్కొక్కటే చదివి సరే అనుకున్నారు. పదిహేడో పేరు ఫిర్యాదులో లేదు. అది మేజిస్ట్రేటు కాగితంలో ఉంది.

సెషన్స్ కోర్టులో విచారణ జరిగింది. జీతగాడు బోనెక్కి, ఆ ఉదయం కళ్లలో దుమ్ము పడిందని, ఎవరినీ గుర్తుపట్టలేదని చెప్పాడు. మిగిలిన సాక్షులూ అట్లాగే చెప్పారు. తర్వాత ముద్దాయిలను జడ్జి ప్రశ్నించే రోజు వచ్చింది. ప్రభాకరరావు దేవరాజును కోర్టు ఆవరణలో చెట్టు నీడకు తీసుకెళ్లాడు.

"ఒక్క ముక్క చెప్పు. పోలీసులు కొడితే భయపడి అట్లా చెప్పాను, నాకేమీ తెలియదు అను. మిగిలింది నేను చూసుకుంటా. వేరే సాక్ష్యం ఏమీ లేదు."

"అట్లే సార్."

సారమ్మ స్టీలు డబ్బాలో చిత్రాన్నం తెచ్చింది. పక్కన నిలబడి అంతా విన్నది. "అట్లే చెప్పు నాయనా," అంది. "నాకు ఇంగేం వద్దు. ఇంటికి పోదాం."

కోర్టు హాలు బయట బెంచీ మీద కొండారెడ్డి, ఎర్రంరెడ్డి పక్కపక్కన కూర్చుని సోడా తాగుతున్నారు. ఇద్దరి మెడల్లోనూ ఒకే రంగు కండువాలు. దేవరాజు ముందు నుంచి పోతుంటే ఎర్రంరెడ్డి సోడా సీసా పక్కన పెట్టాడు.

"ఏమప్పా, ఈ డ్రైవరు పిల్లోడు ఇంకా కేసులో ఉండాడా?"

"వాడు తనకు తానే దూరినాడు," అన్నాడు కొండారెడ్డి.

"పో పో, అబద్ధం చెప్పినా సామీ అని చెప్పి ఇంటికి పో," అన్నాడు ఎర్రంరెడ్డి. "నువ్వు నరికినావంటే ఎవురు నమ్ముతారురా? మా తమ్మున్ని!" నవ్వాడు. కొండారెడ్డి కూడా నవ్వాడు. వెనక నిలబడిన బాషా తల దించుకున్నాడు.

హాలులో జడ్జి ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. పదహారు మంది తెలియదన్నారు. దేవరాజు వంతు వచ్చింది. నాలుగేళ్ల కింద మేజిస్ట్రేటు రాసుకున్నది చదివి వినిపించారు.

"ఇది నువ్వు చెప్పిందేనా?" అని జడ్జి అడిగాడు.

"నేను చెప్పిందే."

"పోలీసులు కొట్టారా?"

ప్రభాకరరావు అతని వైపు చూస్తున్నాడు. తలుపు దగ్గర సారమ్మ డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. తన వంతు ముగించి ముందు వరసకు వచ్చిన కొండారెడ్డి చెవిలో ఎర్రంరెడ్డి ఏదో చెబుతున్నాడు.

"ఎవురూ కొట్టలేదు సార్," అన్నాడు దేవరాజు. "అంతా నిజమే. మొదటి వేటు నాదే."

ఎర్రంరెడ్డి మాట ఆపి తల తిప్పాడు. నాలుగేళ్లలో అతను దేవరాజును పూర్తిగా చూడటం అదే మొదలు.

1999 నవంబరు 12, శుక్రవారం తీర్పు వచ్చింది. పదహారు మందిని నిర్దోషులుగా విడుదల చేశారు. దేవరాజుకు యావజ్జీవ శిక్ష పడింది. చెవి కింద గాయం గురించి అతను చెప్పింది పోస్టుమార్టం నివేదికతో సరిపోయిందని తీర్పులో రాశారు. సాయంత్రం నల్లబండపల్లెలో రెండు వర్గాలకూ కలిపి కొండారెడ్డి ఇంట్లో భోజనాలు జరిగాయి. మొదటి బంతిలో ఎర్రంరెడ్డి కూర్చున్నాడు. సారమ్మ ఆఖరు బస్సుకు జమ్మలమడుగు చేరింది.

హత్య జరిగిన ఉదయం జీపు ఎవరు నడిపారన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని తీర్పు చివరి పేజీలో ఉంది.